ముందు వేగం, తర్వాతే గేరు

చేయి తప్పి పడిన ఒక్క గేరు ఇంజిన్‌ను క్షణంలో పాడు చేయగలదు. ఆ క్షణంలో కారులోని కంప్యూటరు చేయగలిగింది ఏమీ లేదు. కాపాడగలిగింది డ్రైవరు అలవాటే. ఆ అలవాటు నేర్పే పాఠం మన డ్రైవింగ్ శిక్షణలో మొదటి వరుసకు రావాలి.

గోస్పాడులో బయల్దేరిన కారు కొద్ది గంటల ప్రయాణంలోనే మూడు రకాల రోడ్లు చూస్తుంది. స్పీడు బ్రేకర్లు, వడ్ల బస్తాల ట్రాక్టర్లు, గేదెల మందలు అడ్డొచ్చే ఊళ్ల రోడ్డు మొదటిది. అది దాటితే కర్నూలు నుంచి కడపకు పోయే నాలుగు వరుసల 40వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల లెక్కలో అది 18వ నంబరు రోడ్డు. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా సాగే ఆ దారిలో స్పీడు ముల్లు వంద దగ్గరికి సులువుగా చేరుతుంది. ఇక తూర్పుకు తిరిగితే నల్లమల. గాజులపల్లె దాటాక గిద్దలూరు ఘాట్, ఆత్మకూరు మీదుగా పోతే దోర్నాల, శ్రీశైలం ఘాట్, ఆళ్లగడ్డ వైపు నుంచి ఎగువ అహోబిలం కొండ దారి. ఈ మూడు రకాల రోడ్ల మీదా మాన్యువల్ కారు నడిపే మనిషి ఎడమ చేయి మాటిమాటికీ గేరు రాడ్డు మీదికి పోతూనే ఉంటుంది. వేలసార్లు సరిగ్గా పడిన గేరు ఒక్కసారి పక్క గాడిలో పడవచ్చు. ఫోర్త్‌లో పడాల్సింది సెకండ్‌లో పడుతుంది, థర్డ్‌కు పోవాల్సింది ఫస్ట్‌కు పోతుంది. ఇంజిన్ ఒక్కసారిగా కీచుమంటుంది, కారు ముందుకు తూలుతుంది, డ్రైవరు గాభరాగా క్లచ్ తొక్కుతాడు. అంతా రెండు సెకన్ల వ్యవహారం. ఆ రెండు సెకన్లలో ఇంజిన్ లోపల ఏం జరిగిందో చాలామందికి తెలియదు. ఏమీ కాలేదులే అనుకుని సాగిపోతారు.

ఏమీ కాకపోయి ఉండవచ్చు, మొత్తం అయిపోయి కూడా ఉండవచ్చు. ఏది జరిగిందన్నది అదృష్టం మీద ఆధారపడలేదు. ఆ క్షణంలో కారు ఎంత వేగంలో ఉంది, ఏ గేరు పడింది అన్న రెండింటి మీదే ఆధారపడింది. దీన్ని లెక్క కట్టవచ్చు, ముందే తెలుసుకోవచ్చు, నేర్పవచ్చు. అయినా మన దగ్గర కారు నేర్పేవాళ్లలో ఎక్కువమంది గేరు ఎలా వేయాలో చెబుతారే తప్ప, ఏ వేగం దాటాక ఏ గేరు వేయకూడదో చెప్పరు. వేగం తగ్గించాకే గేరు తగ్గించాలన్న క్రమం డ్రైవింగుకు పునాది. దాన్ని పైపై జాగ్రత్తగా వదిలేయడం వల్లనే మంచి ఇంజిన్లు షెడ్డుకెక్కుతున్నాయి, దిగుడు రోడ్ల మీద ప్రాణాలకు కూడా ముప్పు వస్తోంది.

ఒకే పొరపాటు కాదు, రెండు

గేరు తప్పడం అంటే అందరూ ఒకటే అనుకుంటారు గానీ, అందులో రెండు రకాలున్నాయి. మొదటిది గేరు అసలు పడకపోవడం. సెకండ్ నుంచి థర్డ్‌కు వేస్తూ రాడ్డు న్యూట్రల్‌లో ఆగిపోతుంది, గేరు పడిందనుకుని డ్రైవరు క్లచ్ వదిలి ఎక్సలేటరు తొక్కుతాడు. చక్రాలతో సంబంధం లేని ఇంజిన్ పట్టపగ్గాల్లేకుండా పైకి లేస్తుంది. ఇక్కడ ఇంజిన్‌ను తిప్పుతున్నది దానికందుతున్న ఇంధనం. కాబట్టి ఇంజిన్ కంప్యూటరు, అంటే ఈసీయూ, హద్దు దగ్గరికి రాగానే ఇంధనాన్ని ఆపేస్తుంది. ఆర్‌పీఎం లిమిటర్ చేసే పని ఇదే. పెట్రోలు కారులో మామూలుగా నిమిషానికి ఆరు, ఆరున్నర వేల చుట్ల దగ్గర, డీజిల్ కారులో నాలుగున్నర, ఐదు వేల దగ్గర అది అడ్డుపడుతుంది. ఈ తప్పు చెవికి వినసొంపుగా ఉండదు, మంచిదీ కాదు, కానీ ఈ కాలపు కారుకు దీనివల్ల పెద్ద నష్టం రాదు. కంప్యూటరు లేని కార్బరేటరు కాలంలో ఇదీ ప్రమాదమే.

రెండోది వేరు. గేరు పడుతుంది, కానీ పడాల్సిన దానికంటే బాగా చిన్నది పడుతుంది. క్లచ్ వదలగానే రోడ్డు మీద పరుగెత్తుతున్న చక్రాలు గేరు బాక్సు మీదుగా ఇంజిన్‌ను తిప్పడం మొదలుపెడతాయి. అంతవరకూ ఇంజిన్ చక్రాలను నడిపింది, ఇప్పుడు చక్రాలు ఇంజిన్‌ను నడుపుతున్నాయి. టన్ను బరువున్న కారు వేగమంతా వెనక్కి తిరిగి ఇంజిన్ మీద పడుతుంది. లిమిటర్ ఇక్కడ ఏం చేయగలదు? ఇంధనం ఆపగలదు. కానీ ఇంధనం అప్పటికే అక్కర్లేదు, డ్రైవరు కాలు ఎక్సలేటరు మీద లేకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. చక్రానికీ ఇంజిన్‌కూ మధ్య ఉన్నవి ఇనుప పళ్లు. అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాక కంప్యూటరు మాట వినవు. కొత్త కారులో అన్నీ సెన్సర్లే, ఏమీ కాదులే అన్న ధీమాకు ఇక్కడ ఆధారం లేదు. ఆ ధీమా మొదటి రకం తప్పుకు సరిపోతుంది, రెండోదానికి సరిపోదు.

అంకెలు చెప్పే నిజం

మాటలకంటే లెక్క స్పష్టంగా చెబుతుంది. ఒక మామూలు చిన్న పెట్రోలు కారును ఊహించుకుందాం. దాని ఐదు గేర్ల నిష్పత్తులు వరుసగా 3.5, 1.9, 1.3, 0.97, 0.8. చివరి మెట్టు, అంటే ఫైనల్ డ్రైవ్ 4.1. టైరు ఒక చుట్టు తిరిగితే 1.8 మీటర్లు. ఇవి మన రోడ్ల మీది చిన్న కార్లకు దగ్గరి అంకెలే. ఈ కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు టాపు గేరులో ఇంజిన్ నిమిషానికి సుమారు 3,040 చుట్లు తిరుగుతుంది. ఫోర్త్‌లో 3,680, థర్డ్‌లో 4,940. ఇంతవరకు ఇంజిన్‌కు అలవాటైన పనే. అదే వేగంలో సెకండ్ పడితే 7,210. ఫస్ట్ పడితే 13,290. ఆరు వేలకు తయారైన ఇంజిన్‌కు మొదటిది హద్దు దాటడం, రెండోది దాదాపు మరణమే. ఇదే లెక్కను తిరగేస్తే పనికొచ్చే అంకెలు వస్తాయి: ఆరు వేల హద్దు దాటకూడదంటే ఈ కారులో ఫస్ట్ గేరుకు గరిష్ఠ వేగం 45 కిలోమీటర్లు, సెకండ్‌కు 83, థర్డ్‌కు 121. ప్రతి కారుకూ ఇలాంటి మూడు నాలుగు అంకెలుంటాయి. డీజిల్ బండికి అవి ఇంకా వేరు. హద్దే తక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇప్పుడు గేరు రాడ్డు దారులు గమనించండి. ఎడమ గాడిలో పైన ఫస్ట్, కింద సెకండ్. నడి గాడిలో పైన థర్డ్, కింద ఫోర్త్. కుడి గాడిలో పైన ఫిఫ్త్. హైవే మీద లారీని దాటాలని ఫిఫ్త్ నుంచి ఫోర్త్‌కు రావాలంటే రాడ్డును కుడి నుంచి నడిమికి తెచ్చి కిందికి లాగాలి. తొందరలో చేయి కాస్త ఎక్కువ ఎడమకు పోతే పడేది సెకండ్. కారు అప్పటికే 100లో ఉంటే ఏమవుతుందో పైన చూశాం. సెకండ్‌లో 60 దాకా లాగి థర్డ్‌కు వేసేటప్పుడు అరచేయి రాడ్డును ఎడమకు నొక్కి పట్టి ఉంటే పడేది ఫస్ట్. 60లో ఫస్ట్ అంటే దాదాపు ఎనిమిది వేలు. థర్డ్ నుంచి ఫోర్త్‌కు నేరుగా కిందికి లాగాల్సిన చోట ఎడమకు వాలితే సెకండ్. ఫోర్త్ నుంచి ఫిఫ్త్‌కు వేస్తూ కుడికి చాలినంత నెట్టకపోతే పడేది థర్డ్. 100లో అది పెట్రోలు ఇంజిన్‌కు భారమే గానీ ముప్పు కాదు. అంటే అన్ని తప్పులూ సమానం కావు. ఎడమ గాడిలోకి జారిన తప్పే ప్రాణాంతకం. ఆ జారుడుకు కారణం కూడా ఎక్కువగా ఒక్కటే, రాడ్డును పిడికిట్లో బిగించి బలంగా గుంజడం. గేరు బాక్సులో ఉండే స్ప్రింగు న్యూట్రల్‌లో రాడ్డును తనంతట తానే నడి గాడికి తెస్తుంది. చేయి వదులుగా ఉంచితే థర్డ్, ఫోర్త్ గేర్లు దాదాపు వాటంతటవే దొరుకుతాయి. ఆ స్ప్రింగుతో చేయి పోట్లాడినప్పుడే తప్పు పుడుతుంది. పాత బండిలో గేరు లింకేజీ బుష్షులు అరిగి రాడ్డు ఊగులాడుతున్నా, ఇంజిన్ ఫౌండేషన్లు దెబ్బతిని ఇంజిన్ అటూ ఇటూ కదులుతున్నా గాడులు గుర్తుపట్టడం ఇంకా కష్టమవుతుంది. అవి కొన్ని వందల రూపాయల్లోనో వేలల్లోనో పోయే మరమ్మతులు. వాయిదా వేస్తే పోయేది ఇంజినే.

ఇంజిన్ లోపల ఏం జరుగుతుంది?

ఆరు వేల ఆర్‌పీఎం అంటే సెకనుకు వంద చుట్లు. ఒక్కో చుట్టుకు పిస్టన్ పైన ఒకసారి, కింద ఒకసారి ఆగి వెనక్కి తిరుగుతుంది. సెకనుకు రెండు వందల సార్లు ఆగి, దిక్కు మార్చుకుని, మళ్లీ పరుగెత్తాలి. ఎనిమిది సెంటీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజిన్‌లో ఈ వేగం దగ్గర పిస్టన్ పై చివర తిరిగే క్షణంలో దాని మీద పనిచేసే త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు రెండు వేల రెట్లు. పిన్నుతో కలిపి 300 గ్రాములుండే పిస్టన్, ఆ క్షణంలో 600 కిలోల బరువులా కనెక్టింగ్ రాడ్డును పైకి గుంజుతుంది. ఇంజిన్ తయారుచేసినవాళ్లు ఆ గుంజుడుకు తగ్గ రాడ్డూ, దాని బోల్టులూ పెట్టారు. సమస్య ఏమిటంటే, ఈ బలం చుట్లతో సమానంగా పెరగదు, వాటి వర్గంతో పెరుగుతుంది. 7,200 దగ్గర చుట్లు పెరిగింది ఐదో వంతే, బలం పెరిగింది 44 శాతం; 600 కిలోలు 860 దాటుతాయి. 12,000 దగ్గర చుట్లు రెట్టింపు, బలం నాలుగింతలు, 2,400 కిలోలు. పైగా ఇది జరిగేటప్పుడు డ్రైవరు కాలు ఎక్సలేటరు మీద ఉండదు. ఇంధనం మండి పిస్టన్‌ను కిందికి నొక్కే పీడనం లేదు. గుంజుడును కాస్తయినా తగ్గించే ఎదురు బలం లేక రాడ్డు బోల్టుల మీద పూర్తి భారం పడుతుంది. రాడ్డు తెగితే అది బ్లాకును పొడుచుకుని బయటికి వస్తుంది. అప్పుడు మెకానిక్ చేసేదేమీ ఉండదు, ఇంజినే మార్చాలి.

రాడ్డు కంటే ముందు లొంగిపోయేవి మామూలుగా వాల్వులు. వాల్వును తెరిచేది క్యామ్ షాఫ్టు, మూసేది స్ప్రింగు. ఆరు వేల దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు యాభై సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. క్యామ్ ఎంత వేగంగానైనా తెరవగలదు, మూసే స్ప్రింగుకు మాత్రం ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే వాల్వు క్యామ్‌ను అంటిపెట్టుకుని రాలేక గాల్లో తేలినట్టు ఆగిపోతుంది. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు ఇంకా కిందికే ఉంటుంది. చాలా ఇంజిన్లలో ఆ రెండింటికీ మధ్య ఖాళీ తక్కువ. రెండూ గుద్దుకుంటాయి, వాల్వు కాడ వంగుతుంది. వంగిన వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోదు, ఆ సిలిండరులో కంప్రెషన్ పోతుంది, ఇంజిన్ కుంటుతూ ఆడుతుంది. హెడ్ దించాల్సిందే. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు ఇంకా తక్కువ, కదిలే భాగాలూ బరువే. అందుకే డీజిల్ బండి చుట్లు తక్కువ కదా, గట్టిది కదా అన్న మాట ఇక్కడ తలకిందులవుతుంది. గట్టిదే, కానీ దాని హద్దు లోపల గట్టిది.

మూడోది క్లచ్ ప్లేటు. తప్పు గేరు పడిందని తెలిసి క్లచ్ వదలకుండా తొక్కే ఉంచితే ఇంజిన్ బతికిపోతుంది, నిజమే. కానీ క్లచ్ ప్లేటు కట్టి ఉండేది గేరు బాక్సు వైపు షాఫ్టుకు. క్లచ్ తొక్కినా గేరు పడిందంటే చక్రాలు ఆ ప్లేటును తిప్పుతూనే ఉంటాయి. 100 వేగంలో ఫస్ట్ పడితే ఆ ప్లేటు 13 వేల చుట్లకు లేస్తుంది. రివిట్లతో బిగించిన లైనింగ్ ఆ విసురుకు పెచ్చులుగా ఊడిపోవచ్చు. ప్లేటును ఆ వేగానికి తెచ్చే పని గేరు బాక్సులోని సింక్రో రింగులది; ఆ పనిలో అవి అరిగిపోతాయి. రాడ్డు గాడిలోకి పోకుండా మొండికేసిందంటే అది ఆ రింగులు ఇస్తున్న హెచ్చరిక. 1928లో కాడిలాక్ కార్లతో మొదలైన ఈ సింక్రో పరికరం డ్రైవరు చేతికి సాయం చేయడానికి వచ్చింది. దాన్ని బలవంతంగా తోసేయడమంటే సాయం చేసే చేతిని విరవడం.

ఇంతవరకు ఇంజిన్ సంగతి. అంతకంటే ముఖ్యమైనది మనిషి సంగతి. బాగా చిన్న గేరు పడి క్లచ్ ఒక్కసారిగా వదిలితే నడిపే చక్రాలు దాదాపు బ్రేకు పడినట్టు బిగుసుకుంటాయి. ముందు చక్రాలతో నడిచే చిన్న కారులో అప్పుడు స్టీరింగు తిప్పినా కారు తిరగదు. వెనక చక్రాలతో నడిచే బొలెరో, సుమో లాంటి బళ్లలో వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. తడిసిన ఘాట్ మలుపులో ఈ రెండింటిలో ఏదైనా లోయ వైపే తీసుకెళ్తుంది.

రేసు మైదానం నేర్పిన పాఠం

ఇదంతా రేసు కార్ల బాధ, ఇరవై ముప్పై ఏళ్లుగా బండి నడిపేవాళ్లకు ఎప్పుడూ కాలేదే అని ఒక అభ్యంతరం వస్తుంది. రేసుల్లో ఎక్కువ జరిగిన మాట వాస్తవం. అందుకే అక్కడ దీన్ని ముందు గుర్తించారు. పాత రేసు కార్ల ఆర్‌పీఎం మీటర్లలో రెండో ముల్లు ఒకటి ఉండేది. ఇంజిన్ చేరిన అత్యధిక చుట్ల దగ్గర అది ఆగిపోయేది. డ్రైవరు చెప్పినా చెప్పకపోయినా మేనేజరుకు ఆ ముల్లు నిజం చెప్పేది. తర్వాత గేరు రాడ్డునే తీసేసే ఆలోచన వచ్చింది. జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 కారులో స్టీరింగు వెనక పలకలు నొక్కితే గేరు మారేది, అదీ వరుసగా ఒక్కొక్కటే. 1989 మార్చి 26న బ్రెజిల్ గ్రాండ్ ప్రిలో నైజెల్ మాన్సెల్ ఆ కారును దాని మొదటి పోటీలోనే గెలిపించాడు. కొన్నేళ్లలోనే ఫార్ములా వన్ అంతా ఆ దారికే వచ్చింది. ప్రపంచంలోకెల్లా చేయి తిరిగిన డ్రైవర్లకే గేరు తప్పే అవకాశం లేకుండా చేయాల్సి వచ్చిందంటే, ఆ తప్పు నైపుణ్యం లేకపోవడం వల్లే వస్తుందనుకోవడం సరికాదు. తొందర, అలసట, తెలియని బండి, ఈ మూడూ ఎవరి చేతినైనా తప్పిస్తాయి.

రోడ్డు కార్ల తయారీదారులకూ ఈ సంగతి తెలుసు. పోర్షే కార్ల కంప్యూటరు ఇంజిన్ హద్దు దాటి తిరిగిన సందర్భాలను తీవ్రతను బట్టి వేరువేరు శ్రేణుల్లో రాసి పెట్టుకుంటుంది. పాత పోర్షే కొనేవాళ్లు ముందుగా ఆ చిట్టా తీయించి చూడటం పరిపాటి. 911లో ఏడు గేర్ల మాన్యువల్ పెట్టినప్పుడు ఐదు లేదా ఆరు నుంచి తప్ప ఏడోది పడకుండా అడ్డుకట్ట కట్టారు. ఇవి కోటీశ్వరుల కార్ల ముచ్చట్లు అనుకోనక్కర్లేదు. మన ఊళ్లలో తిరిగే మారుతి సుజుకి కార్ల యజమాని పుస్తకాల్లో కూడా గేరు తగ్గించడానికి అనుమతించే గరిష్ఠ వేగాల పట్టిక ముద్రించి ఉంటుంది. అంటే తయారీదారు ఆ అంకెలు చెప్పే కారు చేతికిచ్చాడు. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు విప్పకుండా ఉండిపోవడమే మన లోపం. ఇక మోటారు సైకిలు నడిపేవాళ్లకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే అందులో గేర్లు వరుసలోనే పడతాయి; ఐదు నుంచి ఒకేసారి రెండుకు దూకే వీలు లేదు. బైకు మీదా, నెమ్మదిగా కదిలే ట్రాక్టరు మీదా చేయి తిరిగిన కుర్రవాళ్లు కారెక్కినప్పుడు, తమకు గేర్లు వచ్చుననే నమ్మకంతో ఎక్కుతారు. కారు గేర్లు అడిగే జాగ్రత్త ఆ రెండూ నేర్పవు.

ఆటోమేటిక్‌లు వస్తున్నాయి కదా?

రెండో అభ్యంతరం మరింత బలమైనది. 2014లో సెలెరియోతో మారుతి ఏఎంటీ గేర్లను చిన్న కార్లలోకి తెచ్చింది. అందులో గేరు మార్చేది కంప్యూటరు. డ్రైవరు చేత్తో తగ్గించమని అడిగినా, ఆ వేగానికి ఆ గేరు తగదనుకుంటే కంప్యూటరు ఒప్పుకోదు. ఇంకొన్నాళ్లకు ఈ సమస్యే ఉండదు, ఇప్పుడు నేర్పడం ఎందుకు అంటారు. సమాధానం మన రోడ్ల మీదే ఉంది. కొత్త కారు కొనేవాళ్లలో ఆటోమేటిక్ వైపు మొగ్గేవాళ్లు పెరుగుతున్నారు, నిజమే. కానీ చవకైన మోడళ్లు, సరుకు బళ్లు, టాక్సీలు, రెండో చేతి కార్లు ఇప్పటికీ ఎక్కువగా మాన్యువల్‌వే. పల్లె కుటుంబం మొదట కొనేది తరచూ రెండో చేతి కారే. అది ఇంకో పదేళ్లు, పదిహేనేళ్లు తిరుగుతుంది. మధ్యేమార్గంగా వచ్చిన ఐఎంటీ గేర్ల సంగతీ చూడండి. రాయలసీమలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీలో తయారైన సోనెట్ 2020లో ఆ పద్ధతితో వచ్చింది. అందులో క్లచ్ పెడల్ లేదు, క్లచ్ పని యంత్రానిది. గేరు ఎంపిక మాత్రం డ్రైవరు చేతిదే. ఎడమ కాలికి విశ్రాంతి దొరికినంత మాత్రాన ఎడమ చేతి బాధ్యత తీరలేదు.

మూడో అభ్యంతరం చాలా ప్రమాదకరమైనది, అందుకే దాన్ని వివరంగా ఎదుర్కోవాలి. గేరు తగ్గిస్తే ఇంత ముప్పుంటే, ఘాట్ దిగేటప్పుడు టాపు గేరులోనో న్యూట్రల్‌లోనో దిగడమే మేలు కదా, డీజిలూ కలిసొస్తుంది అనేవాళ్లున్నారు. ఇది పూర్తిగా తప్పు. న్యూట్రల్‌లో దిగే బండిని పట్టి ఉంచేవి బ్రేకులొక్కటే. మలుపు తర్వాత మలుపులో వాటిని నొక్కిపట్టి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతాయి. ఇంధనం ఆదా అన్నదీ భ్రమే. ఈ కాలపు ఇంజెక్షన్ ఇంజిన్ గేరులో ఉండి ఎక్సలేటరు వదిలినప్పుడు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. దిగుడులో చిన్న గేరు ఇంజిన్‌కు హాని చేయదు. 40 వేగంలో సెకండ్ వేసుకుని దిగితే పై లెక్కలోని కారు ఇంజిన్ తిరిగేది మూడు వేల లోపే, అది దానికి విశ్రాంతిగా చేసే పని. హాని చేసేది చిన్న గేరు కాదు, వేగం తగ్గకముందే వేసిన చిన్న గేరు. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాటలో ఈ శాస్త్రమంతా ఉంది. ఒక్కటి చేర్చుకోవాలి: ఆ గేరు దిగుడు మొదలయ్యే ముందే వేసుకోవాలి. వాలు సగంలో, బండి ఊపందుకున్నాక గేరు కోసం వెతికితే అది పడదు, లేదా తప్పుది పడుతుంది. లోడు లారీకైతే గేరు తప్పకపోయినా ఇదే గండం ఉంది. వాలులో బరువు తోసేటప్పుడు ఇంజిన్‌కు డీజిల్ ఆగిపోయినా బండి దాన్ని హద్దు దాటించి తిప్పగలదు. అక్కడా మందు ఒకటే, ముందుగా బ్రేకుతో వేగం తగ్గించడం.

పరీక్ష ఏం అడుగుతోంది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వది లైసెన్సు పరీక్షలో అభ్యర్థి ఏం చేసి చూపాలో చెబుతుంది. బండిని కదిలించి టాపు గేరు దాకా అన్ని గేర్లూ వేయగలగాలి. రద్దీని బట్టి టాపు నుంచి కింది గేర్లకు త్వరగా రాగలగాలి. దిగుడులో కింది గేర్లకు త్వరగా మారగలగాలి. మంచి నియమాలే, గేరు తగ్గించడం నైపుణ్యమని గుర్తించాయి. కానీ ఈ మూడింటిలో త్వరకున్న చోటు, ఏ వేగానికి ఏ గేరన్న వివేకానికి లేదు. చాలా శిక్షణలు ఆచరణలో ఇంతకంటే తక్కువే నేర్పుతాయి. ఊరి బయటి మైదానంలో, ఖాళీ రోడ్డు మీద, ముప్పై నలభై వేగంలో నేర్చుకున్నవాడికి గేరు తప్పినా ఏమీ కాదు. అందువల్ల అది తప్పనే తెలియదు. ఆ అజ్ఞానంతోనే హైవే ఎక్కుతాడు. 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాలు తేలికపాటి వాహనాలకు నాలుగు వారాల్లో 29 గంటల శిక్షణ నిర్దేశించాయి. ఆ 29 గంటల్లో ఒక్క గంట ఈ పాఠానికి చాలు. బోర్డు మీద గేర్ల బొమ్మ గీసి, ఆ కారు పుస్తకంలోని గరిష్ఠ వేగాలు రాయించి, ఆపి ఉంచిన కారులో ఇంజిన్ ఆపేసి కళ్లు మూసుకుని గేర్లు వేయించి, ఆ తర్వాత రోడ్డు మీద బ్రేకు, క్లచ్, గేరు అన్న వరుసను చేయి మరిచిపోలేనంత వరకు చేయించాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదీ తెలుసుకోవాలి. మన దేశంలో ప్రామాణిక మోటారు బీమా పాలసీ యాంత్రిక వైఫల్యానికి, భాగాలు విరగడానికి పరిహారం ఇవ్వదు. గుద్దుకుని పాడైన బంపరుకు డబ్బు వస్తుంది. తప్పు గేరుతో లోపల విరిగిన రాడ్డుకు అదనపు ఇంజిన్ రక్షణ తీసుకుంటే తప్ప, తీసుకున్నా షరతులను బట్టి తప్ప, రాదు. వారంటీలూ దుర్వినియోగాన్ని భరించవు. రైతు కుటుంబం పంట డబ్బుతో కొన్న కారుకు ఇంజిన్ పోతే ఆ నష్టం పూర్తిగా ఆ ఇంటిదే.

ఇంత జాగ్రత్త పడినా ఎప్పుడో గేరు తప్పవచ్చు. తప్పిందని ఇంజిన్ కీచు వినగానే క్లచ్ పూర్తిగా తొక్కి, రాడ్డును న్యూట్రల్‌కు తెచ్చి, బ్రేకుతో నెమ్మదించి పక్కన ఆపాలి. ఆపాక ఇంజిన్‌ను రేజు చేసి పరీక్షించకూడదు. టకటక శబ్దం, కుంటుడు, పొగ, ఆయిల్ లైటు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంజిన్ ఆపేసి బండిని లాగించుకునే షెడ్డుకు చేర్చాలి. నెమ్మదిగా పోనిచ్చి ఇంటికి చేరుదామన్న ఆశే వంగిన ఒక్క వాల్వును మొత్తం ఇంజిన్ మార్పిడిగా చేస్తుంది. పైకి ఏమీ కనిపించకపోయినా కంప్రెషన్ పరీక్ష చేయించి, మెకానిక్‌కు జరిగింది దాచకుండా చెప్పాలి. కారు అరువు తెచ్చుకున్నదైతే యజమానికి ఇంకా ముందు చెప్పాలి. రెండో చేతి కారు కొనేవాళ్లు అదే పరీక్ష కొనకముందే చేయించుకోవాలి.

డ్రైవింగ్ స్కూళ్లు నడిపేవాళ్లకూ, ఇంట్లో పిల్లలకు కారు నేర్పే పెద్దలకూ ఒక మనవి. ఈ ఆదివారం మీ కారు పుస్తకం తీయండి. గేర్ల గరిష్ఠ వేగాల పట్టిక వెతకండి; లేకపోతే సర్వీస్ సెంటరులో అడగండి. ఫస్ట్, సెకండ్, థర్డ్ గేర్ల మూడు అంకెలను చిన్న కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించండి. ఆ మూడు అంకెలు చూడకుండా చెప్పగలిగిన రోజునే కుర్రవాడి చేతికి తాళం ఇవ్వండి.